గిర్ని సువర్ణ తన పేరు తీసేయమన్నది

2023 జూలై. వరంగల్ చౌరస్తా దాటి మార్కెట్ వైపు తిరిగితే ఒక సన్నటి గల్లీ వస్తుంది. అందులో ఒక గిర్ని, అంటే పిండి మర. ఆరోగ్య బీమా ఏజెంటుగా నేను చూసిన కేసుల్లో మరిచిపోలేనిది అక్కడే మొదలైంది.

నాకప్పటికే డెబ్బై దాటాయి. ఓరుగల్లు కోట రాళ్లకు తప్ప ఈ ఊళ్లో అందరికీ నేనే పాలసీలు చేశానని చెప్పుకుంటూ ఉంటాను. అది అబద్ధం. మా బ్రాంచిలో నాకంటే ఎక్కువ పాలసీలు చేసినవాళ్లు ఎప్పుడూ ఉండేవారు. కస్టమర్ల ఇళ్లల్లో నాకంటే ఎక్కువ టీలు తాగినవాళ్లు మాత్రం లేరు.

ఇప్పుడు రెన్యూవల్, అంటే ఏడాదికోసారి ప్రీమియం కట్టి పాలసీని కొనసాగించడం, ఫోన్లోనే అయిపోతుంది. కంపెనీ ఒక లింక్ పంపుతుంది, నొక్కితే చాలు. నా పాత కస్టమర్లకు మాత్రం ఆ లింక్ పనిచేయదని చెప్పేవాణ్ణి. సర్వర్ డౌన్ అనేవాణ్ణి. హైదరాబాద్‌లో వానలు, అందుకే ఆగిందనేవాణ్ణి. లింక్ శుభ్రంగా పనిచేస్తుంది. కానీ వాళ్లు దాన్ని నొక్కేస్తే నేను వాళ్లింటికి పోవాల్సిన పని ఉండదు. నా భార్య చంద్రకళ పోయిన తర్వాత హన్మకొండలో మా రెండు గదుల ఇంట్లో కుక్కర్ కూత తప్ప ఇంకో గొంతు లేదు. అందుకని పొద్దున్నే బ్యాగు తగిలించుకుని షేర్ ఆటో ఎక్కేవాణ్ణి. సగం ఊరి ప్రాణాలు ఈ బ్యాగులో ఉన్నాయని ఆటోవాళ్లతో అనేవాణ్ణి. అందులో ఉన్నవి బీపీ గోలీలు, ఒక గొడుగు, బిస్కెట్ పుడ.

ఆ గిర్ని వీరేశానిది. నన్ను కాకా, అంటే చిన్నాన్న, అని పిలిచేవాడు. కిడ్నీలు చెడిపోయి కొన్నేళ్ల కిందట పోయాడు. తర్వాత అతని భార్య సువర్ణ గిర్ని నడుపుతోంది. వీరేశానికి కాకను కాబట్టి ఆమెకు మామనయ్యాను. వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ అఖిలకు తాతను. రక్తసంబంధం ఏమీ లేదు, టీ సంబంధమే.

గిర్ని నడుస్తుంటే అక్కడ ఎవరి మాటా ఎవరికీ వినబడదు. ఆ రోజు నేను వెళ్లి రేకు కుర్చీలో కూర్చోగానే సువర్ణ స్విచ్ కట్టేసింది. గిరాకీ ఉండగా ఆమె గిర్ని ఆపిందంటే విషయం పెద్దదని అర్థం.

"మామా, అఖిలకు భోపాల్ల ఇంజినీరింగ్ సీటొచ్చింది. హాస్టల్ల చేర్చుకునేటప్పుడు హెల్త్ కార్డు చూపియ్యాలెనట. దానికి అక్కడ జరమొస్తే నేనెక్కడ ఉరకాలె? ఏ దవాఖాన అని తెలుసు నాకు? నాకు హిందీ సగమే వస్తది."

"సగం గూడ రాదు తాతా," లోపలి నుంచి అఖిల వచ్చింది. "జర అన్న ఒక్క ముక్క వస్తది. అన్నిట్ల అదే పెడ్తది. జర బస్సు, జర డాక్టరు."

"నీ నోరు పడ! పోయినంక తెలుస్తది నీకు, అమ్మ లేకపోతె ఎట్లుంటదో," అంది సువర్ణ. అని వెంటనే బుట్టలోని పిండిని అనవసరంగా ఎత్తి దించింది.

వాళ్లకున్నది ఫ్లోటర్ పాలసీ. వీరేశం ఉన్నప్పుడు నేను చేయించిందే. ఫ్లోటర్ అంటే ఇంట్లోవాళ్లందరికీ కలిపి ఏడాదికి ఒకే మొత్తం. ఎవరు ఆస్పత్రిలో చేరితే వాళ్లు అందులోంచి వాడుకోవాలి. కాలేజీ పిల్లలకు ఇరవై అయిదేళ్లు వచ్చేదాకా తల్లిదండ్రుల పాలసీలోనే చోటుంటుంది. దీన్ని అరటిపండు ఒలిచినట్టు చెప్పడానికి నేనొక పద్ధతి కనిపెట్టాను. కనిపెట్టానని చెప్పుకున్నాను. ఖమ్మం ఏజెంటు ఒకాయన చెబుతుండగా విని ఎత్తుకొచ్చాను. అన్నం వండే గిన్నెను మా దగ్గర గంజు అంటారు.

"బిడ్డా, ఇదొక అన్నం గంజు అనుకో. ఇంటిల్లిపాదికి ఒకటే గంజు. ఎవలకు ఆకలైతే వాళ్లు పెట్టుకొని తినుడు."

"అది భోపాల్ల ఉన్నా?"

"గరిటె పొడుగుది. భోపాల్ దాక పోతది."

"ఇద్దరికి ఒక్కసారే ఆకలైతే?"

"ఉన్నకాడికి ఇద్దరు."

"ఒక్కలే మొత్తం తింటే?"

"ఇంకొకలు మల్ల రెన్యూవల్ దాక ఆగాలె."

సువర్ణ తల ఊపింది. ఆమెకు ఇది కొత్త పాఠం కాదు. వీరేశం ఆఖరి ఏడాది ఆ గంజు అడుగంటింది. సరిగ్గా అప్పుడే అఖిలకు డెంగీ వచ్చింది. పాలసీలో ఏమీ మిగలక పిల్లను పెద్ద సర్కారు దవాఖానకు తీసుకుపోతే మంచం దొరకలేదు. వరండాలో చాప మీద పడుకోబెట్టి సువర్ణ పక్కన కూర్చుంది. భర్త ఒక దవాఖానలో, బిడ్డ ఇంకో దవాఖానలో. ఇద్దరి మధ్య ఆటోల్లో ఆమె. ఇవన్నీ నాకు తెలుసు. అయినా ఆ రోజు ఆమె అడిగిన ఆఖరి ప్రశ్న వెనక ఏముందో నాకు తట్టలేదు. గరిటె మాట బాగా పేలిందన్న సంతోషంలో ఉన్నాను.

తర్వాత భోపాల్‌లో నెట్‌వర్క్ హాస్పిటళ్లు చూశాం. అంటే కంపెనీతో ఒప్పందమున్న ఆస్పత్రులు. అక్కడైతే కార్డు చూపిస్తే బిల్లు కంపెనీయే కడుతుంది, మనం ముందు డబ్బు పెట్టాల్సిన పనిలేదు. దాన్నే క్యాష్‌లెస్ అంటారు. హాస్టల్‌కు దగ్గర్లో ఉన్న ఒక ఆస్పత్రికి నేనే ఫోన్ చేసి హిందీలో గడగడలాడించాను. గల్లీ అంతా నిలబడి విన్నదని తర్వాత చాలా చోట్ల చెప్పాను. జరిగిందేమిటంటే, వాళ్లు పాట వినిపిస్తూ నన్ను ఆపి ఉంచారు. పాట అయ్యాక ఒకమ్మాయి ఏదో అడిగింది. నేను అచ్ఛా అచ్ఛా అని ఫోన్ అఖిలకు ఇచ్చాను. ఆ పిల్లే మాట్లాడి అన్నీ కనుక్కుంది.

ఆగస్టులో అఖిల వెళ్లిపోయింది. వర్ధన్నపేట నుంచి అదే కాలేజీలో చేరుతున్న ఇంకో అమ్మాయి, ఆమె తల్లిదండ్రులు తోడున్నారు. సువర్ణ వరంగల్ స్టేషన్ దాకా వచ్చింది, రైలెక్కలేదు. గిర్ని మూస్తే గిరాకీ పక్క గల్లీకి పోతుందని చెప్పింది. ఒక్కగానొక్క బిడ్డ కాలేజీలో చేరుతుంటే గిరాకీ గురించి ఆలోచించే తల్లేమిటని నాకు కొంచెం కోపం వచ్చిన మాట నిజం. రైలు కదిలాక ఆమె చెయ్యి ఊపలేదు. ఒక చేత్తో ప్లాట్‌ఫాం స్తంభం పట్టుకుంది, ఇంకో చెయ్యి కొంగులో పెట్టుకుంది.

ఆ తర్వాత నేను ఆ గిర్నికి తరచుగా వెళ్లేవాణ్ణి. పని ఉందని చెప్పేవాణ్ణి, ఏ పనీ ఉండేది కాదు. రేకు కుర్చీలో కూర్చునేవాణ్ణి. గిర్ని మోగుతూ ఉండేది. ఆమె జొన్నలు పోసేది, పిండి పట్టేది, సంచి కట్టేది. టీ వచ్చేది. నేనేదో అంటే ఆమె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఏమన్నవ్ అనేది, నేను ఏం లేదన్నట్టు చెయ్యి ఊపేవాణ్ణి. మాట్లాడుకోకపోయినా అక్కడ మాట్లాడుకున్నట్టే ఉండేది. మోత ఉంటే చాలు, మౌనం కనపడదు. ఇంటికి పోయి అద్దంలో చూసుకుంటే కనుబొమలు తెల్లగా ఉండేవి. గిర్ని పిండి పడింది అనుకుని కడుక్కునేవాణ్ణి. కడిగినా తెల్లగానే ఉండేవి.

సెప్టెంబర్‌లో వాళ్ల రెన్యూవల్ గడువు వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం నేను వెళ్లేసరికి గిర్ని ఆగి ఉంది. సువర్ణ పిండి బస్తాల మధ్య నిలబడి ఉంది.

"మామా, పాలసీల నా పేరు తీసెయ్యి."

ఇన్నేళ్ల పనిలో పేర్లు చేర్చమన్నవాళ్లను బోలెడుమందిని చూశాను. ఇంకా పుట్టని మనవణ్ణి చేర్చమన్న పాలకుర్తి పెద్దాయన ఉన్నాడు. పెళ్లి మాటలింకా నడుస్తుండగానే అల్లుణ్ణి చేర్చమన్నవాళ్లున్నారు. తన పేరు తీసేయమన్న మనిషిని ఆ రోజే చూడటం.

"ఎందుకు?"

"నాకేమైతది? ఇనుపగుండు లెక్కున్న. నేను లేకపోతె గంజు మొత్తం బిడ్డకే ఉంటది గద. దూరదేశంల ఉన్నది. నిండు గంజుండాలె దానికి."

నాకేమైతది అనే మనిషిని ఏజెంటన్నవాడు రెండోసారి చూడాలి. చూశాను. ఆమె కుడి చెయ్యి పక్కటెముకల కింద గట్టిగా ఒత్తుకుని ఉంది. టీ గ్లాసు మీద మీగడ కట్టింది. తూకం రాళ్ల పక్కన వాము డబ్బా మూత తీసి ఉంది.

"పొద్దుగాల ఏం తిన్నవ్ బిడ్డా?"

"మజ్జిగ తాగిన."

"నిన్న?"

"గదే, మజ్జిగ."

"పిత్తాశయంల రాళ్లా?"

ఆమె అదిరిపడింది. "నీకెవలు చెప్పిన్రు మామా?"

చూడగానే రోగం కనిపెట్టానని, నేను డాక్టరు కావాల్సినవాణ్ణని తర్వాత చాలామందికి చెప్పాను. నాకేమీ రాదు. చంద్రకళ కూడా ఒకప్పుడు అక్కడే చెయ్యి ఒత్తుకునేది, వాము నమిలేది, మజ్జిగతో రోజులు నెట్టేది. అంతే.

సువర్ణ బస్తా మీద కూర్చుని చెప్పింది. అఖిల సీటు మాట రాకముందే స్కానింగ్ అయింది. రాళ్లున్నాయి, తొందరగా తీయించుకొమ్మన్నాడు డాక్టరు. ఒక రాయి అంచున ఉంది, జారి గొట్టంలో పడితే కామెర్లు వస్తాయి, క్లోమం వాస్తుంది, ప్రాణం మీదికి వస్తుంది అన్నాడట. రైలెక్కకపోవడానికి కారణం గిరాకీ కాదు. అంత దూరం నొప్పి ఓర్చుకుని కూర్చోవడం ఆమె వల్ల కాదు. దారిలో బిడ్డకు తెలిసిపోతుంది.

"తెలిస్తే అది చదువు ఇడిసిపెట్టి ఉరికొస్తది మామా. ఆపరేషన్ చేయించుకుంటే గంజు నేను తిన్నట్టయితది. గప్పుడే దానికేమన్న అయితే? మల్ల వరండాల పండవెట్టాల్నా? అదీ ఎవ్వలూ లేని ఊర్ల."

"అరె, గంజంత ఎట్ల ఖాళీ అయితది? రాళ్లకు రెండు గరిటెలు, గంతే."

"ఆయనకు గూడ మొదలు రెండు గరిటెలే అన్నరు గద."

అప్పుడు ఆ మాట అన్నవాళ్లలో నేనూ ఉన్నాను.

అయితే దారి లేకపోలేదు. ఫ్లోటర్‌లో ఉన్న పిల్లలకు పద్దెనిమిది నిండితే రెన్యూవల్ సమయంలో వాళ్లను విడిగా సొంత పాలసీలోకి మార్చవచ్చు. దాన్ని మైగ్రేషన్ అంటారు. కొత్తగా పాలసీ తీసుకుంటే కొన్ని జబ్బులకు మొదట్లో కొంతకాలం ఏమీ ఇవ్వరు. ఇలా మారితే ఆ నిరీక్షణ మళ్లీ మొదలవదు, పాత ఏళ్లు లెక్కలోకి వస్తాయి. అఖిలకు దాని గంజు దానికి, సువర్ణకు ఈమె గంజు ఈమెకు. ఒకరు తింటే ఇంకొకరికి తరగదు. చిన్న వయసు కాబట్టి అఖిల ప్రీమియం కూడా భారం కాదు. ఇదంతా చెప్పి, మెచ్చుకుంటుందని ఎదురుచూశాను.

సువర్ణ ముఖం మాడిపోయింది.

"వేరు పెడ్తవా మామా?"

"వేరు కాదు బిడ్డా, కాగితాలే..."

"వేరే గద! మా అత్తోళ్లింట్ల అన్నదమ్ములు వేరు పడ్డనాడు చూసిన నేను. నడింట్ల గంజులు, గరిటెలు పంచుకున్నరు. ఆ దినం ఇంట్ల ఒక్కలు బువ్వ తినలె. పెండ్లన్న కాని బిడ్డ. దాంతోని నన్ను వేరు పెడ్తవా?"

గంజు అన్నది నేనే. నేను చెప్పిన పోలిక ఆమె మనసులో ఎంత బాగా కూర్చున్నదంటే, గంజు రెండైతే ఇల్లు రెండైనట్టే. మా దగ్గర వేరు పడటమంటే పొయ్యి విడిపోవడం. బీమా మొత్తాన్ని సమ్ ఇన్సూర్డ్ అని ఇంగ్లీషులో చెప్పి ఊరుకుంటే ఈ గొడవే ఉండేది కాదు.

ఆమె గొంతు తగ్గించింది. "ఆ కాగితంల మూడు పేర్లుండె మామా. ఆయన పోయినంక ఒకటి కొట్టేసిన్రు. ఇప్పుడు దానిది గూడ తీస్తే నా పేరు ఒక్కటే ఉంటది. గట్ల చూడలేను."

"మరి నీ పేరు తీసేస్తె అది ఒక్కతే ఉంటది గద?"

"అది చిన్నపిల్ల. దాని పక్కకు మున్ముందు పేర్లు వచ్చి కలుస్తయి. నా పక్కకు ఎవలొస్తరు?"

నేను కాసేపు బ్యాగు జిప్పు తీశాను, వేశాను. తర్వాత నామినీ గడి గుర్తొచ్చింది. నామినీ అంటే పాలసీదారుకు ఏమైనా అయితే రావాల్సింది ఎవరికి చేరాలో రాసే పేరు. ఫోన్లో ఫారం తెరిచి చూపించాను. "చూడు. దాని కాగితంల దాని పేరు, కింద నామినీ నువ్వు. నీ కాగితంల నీ పేరు, కింద నామినీ అది. రెండు కాగితాల మీద రెండు పేర్లుంటయి. ఎక్కడా పేరు ఒంటరిగ ఉండది."

ఆమె ఫోన్ దగ్గరికి లాక్కుని చూసింది. ఇంగ్లీషు అక్షరాల్లో తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి అడిగింది. చూపించాను.

నామినీ పేరు ఎప్పటికప్పుడు మార్చుకోవాలని ఊరందరికీ చెప్పే మనిషిని నేను. నా సొంత పాలసీలో నామినీ ఇప్పటికీ చంద్రకళే. ఆ పేరు తీస్తే ఆ గడిలో ఏం రాయాలో తెలియక అలాగే ఉంచాను. ఇది సువర్ణకు చెప్పలేదు.

"సరే, బిడ్డది చెయ్యి," అంది సువర్ణ. "నా ఆపరేషన్ తర్వాత చూద్దాం. రాళ్ల సంగతి మాత్రం దానికి చెప్పకు."

కానీ అఖిల ఇప్పుడు మేజరు. సొంత పాలసీ అంటే ఆ పిల్ల ఒప్పుకోవాలి. ఆ ఒప్పుకోలు కోసం ఆమె ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, ఆ అంకెలు మాకు చెప్పాలి. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

"వేరే పాలసీ ఎందుకు తాతా?"

"కొత్త రూల్ వచ్చింది బిడ్డా."

"ఎవలు పెట్టిన్రు?"

"ఢిల్లీల పెట్టిన్రు."

"తాతా, సర్వర్ డౌన్ అన్నప్పుడు గూడ నీ గొంతు గిట్లనే ఉంటుండె. లింక్ పనిచేస్తదని నాకు ఎన్నడో తెలుసు. అమ్మకే చెప్పలె, నువ్వు రాకుంట అయితవని. ఇప్పుడు నిజం చెప్పు."

సువర్ణ కళ్లతోనే వద్దని చెబుతోంది. అబద్ధాలాడటంలో నన్ను మించినవాడు ఓరుగల్లులో లేడనుకునేవాణ్ణి. పద్దెనిమిదేళ్ల పిల్ల ఒక్క మాటతో కూర్చోబెట్టింది.

"మీ అమ్మకు పిత్తాశయంల రాళ్లున్నయి. ఆపరేషన్ చెయ్యాలన్నరు. గంజు నీకు తగ్గుతదని చేయించుకుంట లేదు."

సువర్ణ పిండి డబ్బా మూత తీసి నేలకేసి కొట్టింది.

"గందుకేనా అమ్మా, రైలెక్కలె?"

సువర్ణ వంగి ఆ మూత తీసుకుంది.

"ఓటీపీ వచ్చింది," అంది అఖిల. "చెప్ప."

"చెప్పవే! కొంచెం సేపైతె పోతదట అది."

"పోనియ్. దవాఖాన్ల ఎప్పుడు చేరుతవో నువ్వు చెప్పు, అంకెలు నేను చెప్త."

"గిర్ని ఎవలు చూడాలె?"

"గిర్ని కొన్ని దినాలు మూస్తే వరంగల్ల ఎవ్వలు రొట్టెలు లేక చావరు."

"నన్నే బెదిరిస్తానవా?"

"నువ్వు నేర్పిందే. బువ్వ తింటేనే ఆడుకోనిస్త అంటుంటివి గద."

ఆ ఓటీపీ పోయింది. మళ్లీ పంపించాను. ఈ సాయంత్రం దాటితే పాలసీయే పోతుందని ఇద్దరినీ బెదిరించాను. అదీ పూర్తి నిజం కాదు. గడువు దాటాక గ్రేస్ పీరియడ్ అని కొన్ని రోజుల వెసులుబాటు ఉంటుంది, ఆ రోజుల్లో జబ్బు చేస్తే మాత్రం కంపెనీ ఏమీ ఇవ్వదు. ఆ వెసులుబాటు గురించి నేను నోరెత్తలేదు. ఎత్తితే ఆ తల్లి ఇంకో నెల మజ్జిగ తాగుతుంది.

రెండో ఓటీపీ కూడా పోతుండగా జొన్నల సంచితో ఒక అవ్వ వచ్చింది.

"ఏమైందే సువర్ణా, కరెంటు పోయిందా?"

"కరెంటు ఉన్నదవ్వా. బిడ్డ అలిగింది," అన్నాను నేను, ఫోన్ చూపిస్తూ.

"ఏం కావాల్నట?"

"తల్లి ఆపరేషన్ చేయించుకోవాల్నట. లేకుంటె మాట్లాడదట."

అవ్వ సంచి కింద పెట్టింది. కాసేపు ఆ ఫోన్ వైపే చూసింది. "నాకు నలుగురు బిడ్డలు. ఒక్కతి గూడ నా మీద గిట్ల అలగలె," అంది. "చేయించుకోవే. అడిగేటోళ్లున్నప్పుడే చేయించుకోవాలె."

గల్లీలో ఏదో ఆటో హారన్ కొట్టి పోయింది. సువర్ణ కొంగుతో ముఖం మీది పిండి తుడుచుకుంది. తుడుచుకున్నది పిండి ఒక్కటే కాదు.

"సోమారం చేరుత."

"ఒట్టు?"

"ఒట్టే. మల్ల పంపించు మామా, ఆ అంకెలేవో."

మూడో ఓటీపీని అఖిల ఒక్కొక్క అంకె విడివిడిగా చెప్పింది. నేను రాసుకున్నాను. ఆఖరి అంకె దగ్గర ఆ పిల్ల ముక్కు చీదింది. అది తొమ్మిదో ఏడో అర్థంకాక మళ్లీ అడగాల్సి వచ్చింది. ఆ సాయంత్రమే ఇద్దరి ప్రీమియాలూ కట్టించాను.

సోమవారం హన్మకొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో చేర్చాం. ప్రతి ఆస్పత్రిలో టీపీఏ డెస్క్ ఒకటి ఉంటుంది. రోగి కాగితాలు కంపెనీకి పంపి అనుమతి తెప్పించే చోటు. నేను అక్కడ బల్ల గుద్ది అనుమతి తెప్పించానని గిర్ని గల్లీలో అందరూ నమ్ముతారు, నేనే చెప్పాను కాబట్టి. నేను చేతులు కట్టుకుని బెంచీ మీద కూర్చున్నాను. కౌంటర్‌లో అమ్మాయి తన పని తను చక్కగా చేసుకుపోయింది. ఒక్కటే అడిగింది.

"పేషెంటుకు మీరేమైతరు సార్?"

నేను ఏజెంటునని చెప్పబోయాను.

"మామ," అంది సువర్ణ, వీల్‌చెయిర్‌లోంచి. "మా మామ."

ఆపరేషన్ థియేటర్ బయట వరుసగా కుర్చీలు. ఒక్కో రోగికి నలుగురు, అయిదుగురు. టిఫిన్ డబ్బాలు, దుప్పట్లు, చంటిపిల్లలు. మా వైపు నేనొక్కణ్ణి. చంద్రకళకు ఆపరేషన్ అయినప్పుడు కూడా ఇలాగే ఒక్కణ్ణే కూర్చున్నాను. అప్పుడు పక్కవాళ్లకు పాలసీ గురించి చెబుతూ గడిపాను. ఈసారి చెప్పబుద్ధి కాలేదు.

అఖిల ఫోన్ చేసింది. రావద్దని తల్లి గట్టిగా చెప్పింది, పరీక్షలు నడుస్తున్నాయి. హాస్టల్ మెట్ల మీద కూర్చున్నానని చెప్పింది.

"తాతా, లోపటికి తీస్కపోయిన్రా?"

"తీస్కపోయిన్రు."

ఆ తర్వాత కూడా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు. అవతల ఎవరో హిందీలో నవ్వుతూ మెట్లు దిగడం వినిపించింది. ఇవతల నా పక్కన ఎవరో టిఫిన్ డబ్బా విప్పిన చప్పుడు ఆ పిల్లకు వినిపించి ఉంటుంది. అలా చాలాసేపు ఉన్నాం. వేల కిలోమీటర్ల అవతల ఉన్నట్టు రాద్దామనుకున్నాను, భోపాల్ అంత దూరమేమీ కాదు. ఒక రాత్రి రైలు ప్రయాణం. ఆ కుర్చీలో మాత్రం దూరంగానే అనిపించింది.

డాక్టర్ బయటికి వచ్చి బాగానే అయిందని చెప్పాడు. ఇంకొంచెం ఆలస్యమైతే రాయి జారేదన్నాడు. నేను ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఆ మాట చెప్పబోతుంటే, "విన్న తాతా," అంది అఖిల. అప్పుడు ఏడ్చింది. నేను ఏడవలేదని చెప్పుకుంటూ ఉంటాను.

సువర్ణ తేలిగ్గానే కోలుకుంది. గిర్ని మళ్లీ మోగింది. నేను మళ్లీ వెళ్లి కూర్చున్నాను. ఇప్పుడు ఆమె టీతో పాటు రొట్టె కూడా తినేది. అది చూడటానికి వెళ్తున్నానని నాకు నేను చెప్పుకునేవాణ్ణి.

చలికాలంలో ఒకరోజు వెళ్లేసరికి గిర్ని షట్టర్ దించి ఉంది. షట్టర్ తట్టి చూశాను. పక్కన బట్టలు కుట్టే ఆయన మిషన్ ఆపకుండానే చెప్పాడు. "సువర్ణ భోపాల్ పోయిందన్నా. బిడ్డ టికెట్టు తీసి పంపిందట. సకినాలు, కారం పొడి మూట కట్టుకొని నిన్ననే రైలెక్కింది. నీకు చెప్పలేదా?"

చెప్పిందని అన్నాను. చెప్పలేదు. ఎందుకు చెబుతుంది? గల్లీ అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

పిల్లల చదువు కోసం పాలసీ అడగడానికి వచ్చే తల్లిదండ్రులను ఇప్పుడు నేను ముందు వాళ్ల గురించే అడుగుతాను. పిల్ల పక్కన ఉండగా అడగను. నాకేమైతది అంటారు. అప్పుడు ఇంకో టీ తెప్పించమంటాను. రెండో టీ అయ్యేలోపు రెండో జవాబు వస్తుంది, అదే నిజమైనది. గంజు పోలిక మానలేదు కానీ, చెప్పేటప్పుడు రెండు గంజులు ఉండవచ్చని, ఇల్లు మాత్రం ఒకటేనని ముందే చెబుతున్నాను.

ఇంకొకటి కూడా ఆ కేసే నేర్పింది. మా పని సరిగ్గా జరిగిందంటే కస్టమర్‌కు మాతో పని ఉండదు. ఆమె నొప్పి లేకుండా రైలెక్కి బిడ్డ దగ్గరికి పోయింది, నేను కోరుకున్నది అదే. మూసిన షట్టర్ ముందు నిలబడి సంతోషించాను. వెంటనే కాదు. హన్మకొండ ఆటో ఎక్కి, ఇల్లు చేరి, ఒక్క గ్లాసు టీ పెట్టుకుని, అది సగం తాగిన తర్వాత.